రాతిపురుగు

గుమ్మిగెడ్డ లైనులో రైలు మొట్టమొదటిసారి ఒళ్ళు విరుచుకుని పరుగెత్తిన నాడు హైమ ఇంజనులోనే నిలబడి ఉంది. కొండల నడుమ మెలికలు తిరిగిన పట్టాలు ఎదురుగా దూసుకొస్తున్నాయి. డ్రైవరు పక్కనున్న అధికారులంతా వేగం చూపించే ముల్లు వంక చూస్తుంటే, ఆమె మాత్రం కిటికీలోంచి తల వంచి పట్టాల కింద కట్టను చూస్తోంది. కట్ట కదలలేదు. ఒక్క కంకరరాయి కూడా జారలేదు.

ఆ లైను మీద రైలుకంటే మేకలమంద ముందు చేరుతుందని అంతకుముందు జనం నవ్వుకునేవారు. కట్ట అంతా నల్లరేగడి. ఎండాకాలం నెరియలు విచ్చేది, వాన కురిస్తే పాయసంలా జారేది. ఎన్నిసార్లు మట్టి పోసినా అంతే. హైమ బడికెళ్ళే వయసులో వాళ్ళమ్మకు పొలంలో పాము కరిస్తే, అక్క పారమ్మ అమ్మను ఒళ్ళో పెట్టుకుని ఆ రైలే ఎక్కింది. ముందు కట్ట జారిందని రైలు దారిలో ఆగిపోయింది. ఆసుపత్రి ఉన్న పట్నం కనుచూపు మేరలో ఉండగానే అమ్మ కన్నుమూసింది. ఆ కట్టను ఎప్పటికైనా గట్టిపరుస్తానని హైమ ఎవరితోనూ అనలేదు గాని, ఆ తరువాత చదివిన చదువంతా దానికోసమే చదివింది.

విశాఖపట్నంలో ఆమె పనిచేసే ప్రయోగశాలలో మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవిని పెంచింది. యూరియా, సున్నం కలిపిన నీళ్ళు దానికి మేత. ఆ మేత తిని మట్టిరేణువుల మధ్య సున్నపురాయిని విడిచిపెడుతుంది. అలాంటి జీవులు లోకంలో ఇదివరకే ఉన్నాయి. హైమ చేసిందల్లా దానికి నిద్ర, మెలకువ నేర్పడం. రైలు అదురు తగిలితే అది మేలుకుంటుంది. అదురు ఆగితే పడుకుంటుంది. రైళ్ళు ఎంత తిరిగితే కట్ట అంత గట్టిపడుతుందన్నమాట. రైలు యాజమాన్యం తరఫున పెద్దలు చూడవచ్చిన రోజున, అదిరే బల్ల మీద ఒక తొట్టెలో ఆ జీవిని కలిపిన బురదమట్టి పోసి, తెల్లనీళ్ళు చల్లి, వాళ్ళు భోజనం చేసి వచ్చేలోగా దాన్ని రాయి చేసి చూపించింది. లావుపాటి అధికారి ఒకాయన బూట్లతో ఆ తొట్టెలోకి ఎక్కి గెంతి చూశాడు. ప్రయోగశాల సంచాలకుడు డాక్టర్ లోకనాథం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

అలా గుమ్మిగెడ్డ లైనుకు కొత్త రోజులు వచ్చాయి. వారానికోసారి ఒక ట్యాంకుబండి పట్టాల మీద మెల్లగా నడుస్తూ రెండు వైపులా మేతగా తెల్లనీళ్ళు చిమ్మేది. జనం దానికి పాలబండి అని పేరు పెట్టారు. కట్టలో పనిచేసేదానికి రాతిపురుగు అని పేరు పెట్టారు. రైలు పట్నానికి వెళ్ళి మళ్ళీ పొయ్యి వెలిగించే వేళకు తిరిగొచ్చేది. కూరగాయలు వాడకుండా బజారుకు చేరేవి. ఆ లైను ఎత్తేస్తామన్నప్పుడు ఆడవాళ్ళను పోగేసి అధికారుల చుట్టూ తిరిగి దాన్ని నిలబెట్టింది పారమ్మే గనక, చెల్లెలి పురుగు పుణ్యమాని లైను బాగుపడిందని ఊరంతా వినేట్టు చెప్పుకునేది.

రెండో ఏడు ఎండాకాలంలో పారమ్మ ఫోను చేసింది. బావ గంగునాయుడు దున్నుతుంటే కర్రు విరిగిందట, జానెడు లోతున నేల బండలా తగులుతోందట, నూతిలో ఊట సన్నగిల్లిందట. ఎండలకు అలాగే ఉంటుంది అప్పా, వానలు పడనీ అంది హైమ. అప్పటికి మరో మూడు లైన్లకు రాతిపురుగును పంపే పనిలో ఆమెకు తలెత్తే తీరిక లేదు. మాట తప్పించాలని అనలేదు, నిజంగా అలాగే అనుకుంది. తొట్టెలో చూసిన లెక్క ప్రకారం అదురు కట్ట దాటి పోదు.

వానలు పడ్డాయి. నూతిలో నీళ్ళు పెరగలేదు. గంగునాయుడు నడుముకు మోకు కట్టుకుని గునపంతో నూతిలోకి దిగాడు. అడుగున ఊట ఉన్నచోట రాయి పెట్టి మూసినట్టుందని పైకి కేకేసి చెప్పాడు. నాలుగు పోట్లు పొడిచాడు. ఆ రాయి వెనక ఎన్నాళ్ళుగా బిగబట్టుకుని ఉన్నాయో నీళ్ళు, ఒక్కసారిగా తన్నుకొచ్చాయి. వాటితోపాటు నూతి పక్క విరిగి పెద్ద పలక ఆయన కాలి మీద పడింది. పారమ్మా, పక్కపొలం వాళ్ళూ మోకు లాగి పైకి తీసేసరికి మోకాలి కింద ఏమీ మిగల్లేదు. మంచం మీద వేసుకుని స్టేషనుకు పరుగెత్తారు. రైలు వచ్చి నిలిచింది. డ్రైవరు దారిలో ఏ స్టేషనులోనూ ఆపకుండా పట్నానికి తీసుకుపోయాడు.

హైమ ఆసుపత్రికి వెళ్ళేసరికి గంగునాయుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు, ప్రాణం నిలిచింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. పారమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె చీరకు రక్తం ఎండిపోయి ఉంది. ఒళ్ళో బావ పంచె మూట. ఆ మూట విప్పుతుంటే అందులోంచి బూడిదరంగు రాతిపెచ్చు ఒకటి జారి నేల మీద పడింది. హైమ దాన్ని చేతిలోకి తీసుకుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాల్సిన పనే లేదు. ఆ రంగు, ఆ గరుకు ఆమె వేళ్ళకు తెలుసు.

"ఆ రాయి నువ్వు సేసిందేనేటి?" అంది పారమ్మ.

హైమ అవునంది.

పారమ్మ ఏడవలేదు. చెల్లెలి చేతిలోంచి ఆ పెచ్చు తీసుకుని చూసి తిరిగి ఇచ్చేసింది. "సంపబోయింది నీ పురుగే. బతికించింది నీ రైలే. నాను ఎవుల్ని తిట్టాలో నాకు తెలట్లేదే గుంటా. కానీ సేసినదానివి నువ్వే గదా, ఆపడం కూడా నీకే తెలవాల."

తిరిగి ప్రయోగశాలకు వెళ్ళి హైమ తలుపు వేసుకుంది. గుమ్మిగెడ్డ పొలాల మట్టి తెప్పించి పరీక్షించింది. రైలు వేగం పెరిగినకొద్దీ అదురు భూమిలో తాను అనుకున్నదానికంటే దూరం పాకుతోంది. పొలాల్లో రైతులు వేసే యూరియా ఉండనే ఉంది, నేలలో సున్నం ఉండనే ఉంది. పాలబండి అక్కర్లేకుండానే పురుగుకు విస్తరి వేసి ఉంది. అది కట్ట దిగి, గట్లు దాటి, చెలమలు మూసుకుంటూ ఊరివైపు నడుస్తోంది. ఒకసారి రాయైన నేలను మళ్ళీ మట్టి చేసే ఉపాయం ఆమెకు దొరకలేదు. దొరికింది మరొకటి. తొట్టెలో మేత లేకుండా, అదురు మాత్రం ఆపకుండా ఉంచితే పురుగు పడుకోలేదు. ఆకలితో మెలకువగా ఉండి ఉండి, కొన్నాళ్ళకు చచ్చిపోతుంది. రైలు అదురు అందుకు చాలదు, రైలు వెళ్ళిపోగానే అది మళ్ళీ నిద్రపోతుంది. విడవకుండా అదరాలి. ఒక్క పూట విడిచినా మొదటికొస్తుంది.

ఈ సంగతంతా ఆమె లోకనాథానికి చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. హైమకు పాఠం చెప్పిన మనిషి, ఆమెను కూతురికంటే ఎక్కువ అని నలుగురిలో చెప్పుకునే మనిషి. పాలబండి ఆపితే రైళ్ళ బరువుకు కట్టలో పడే పగుళ్ళు పూడవు, వేగం తగ్గించాలి, అప్పుడు ఇన్నాళ్ళ పని ఓడిపోయినట్టేనని ఆయన అన్నాడు. లైను పొడవునా ఉన్న ఊళ్ళను కాస్త దూరం జరిపితే సరిపోతుందని యాజమాన్యం ఆలోచిస్తోందని, అప్పటిదాకా ఈ మాట బయటికి పొక్కకూడదని కూడా అన్నాడు. మిగిలిన మూడు లైన్లకు పురుగును పంపాల్సిన రోజు దగ్గర పడిందని గుర్తుచేశాడు.

"ఊళ్ళను జరపడమేమిటి సార్? జరపాల్సింది పురుగును కదా," అంది హైమ.

"ప్రతి కొత్త పనికీ కొంత నష్టం ఉంటుందమ్మా. మీ బావగారు బతికింది ఆ రైలు వల్లనే, అది మరిచిపోకు."

మరిచిపోలేదు. ఆ మాటే ఆమెను ఆ రాత్రంతా నిలువనివ్వలేదు. కట్ట అప్పుడే గట్టిపడి ఉంటే అమ్మ బతికేది. కట్ట గట్టిపడకపోతే బావ కాలు ఉండేది. త్రాసు ఎటూ మొగ్గలేదు. చివరికి ఆమెకు తోచింది ఒకటే, తూకం వేసే హక్కు తనకూ లేదు, లోకనాథానికీ లేదు. రాయి అవుతున్నది ఎవరి నేలో వాళ్ళే చెప్పాలి. వాళ్ళు చెప్పేదాకా పురుగు మరో మూడు లైన్లకు పోకూడదు.

మర్నాడు పొద్దున్నే ఆమె శీతలగది తెరిచింది. మూల జీవి ఉన్న సీసాలన్నీ, ఒక్కటి మిగల్చకుండా, ట్రేలలో పేర్చింది. గాజుసామాను ఆవిరిలో ఉడికించి శుద్ధిచేసే పెద్ద పాత్ర ఒకటి ప్రయోగశాలలో ఉంది. సీసాలను అందులో పెట్టి మూత బిగించి మంట పెంచింది. లోకనాథం వచ్చేటప్పటికి ఈల వేస్తోంది ఆ పాత్ర. ఆయనకు అర్థమయ్యేందుకు కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూలబడ్డాడు. పదేళ్ళ పని, అన్నాడు. పదకొండేళ్ళు సార్ అని హైమ సరిచేసి, తన గుర్తింపుకార్డు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. సాయంత్రానికల్లా ఆమెను పనిలోంచి తప్పించినట్టు కబురు వచ్చింది.

గుమ్మిగెడ్డలో బడి అరుగు మీద జనం కూడారు. హైమ దాచకుండా అంతా చెప్పింది, తాను చేసినదీ, దానివల్ల అయినదీ, ఊళ్ళను జరపాలన్న ఆలోచనా. తరువాత ఒక ముసలాయన లేచి, మా నేలకేటి చేసినావమ్మా అని నిలదీశాడు. అడగాల్సిన మాటే గనక హైమ తలొంచుకుని నిలబడింది. పురుగు చావాలంటే ఏం చెయ్యాలో చెప్పినప్పుడు రగడ పెరిగింది. ఈ పంటకు యూరియా మానెయ్యాలి, అంటే పంట సగం కూడా రాదు. పాలబండి ఆగాలి, అంటే రైలు నెమ్మదిస్తుంది. పురుటి నొప్పులొచ్చిన కోడల్ని అదే రైలులో తీసుకెళ్ళి దక్కించుకున్నామని ఒకామె, మాకు రైలే కావాలని అంది.

అప్పుడు పారమ్మ లేచింది. బావను ఆసుపత్రి నుంచి తెచ్చి నాలుగు రోజులైంది. ఆయన కర్ర పట్టుకుని అరుగు చివర కూర్చుని ఉన్నాడు.

"రైలు నాకూ కావాల. నేలా కావాల. రెండూ కావాలనడం దురాశేటి?" అంది. "మనం ఆసుపత్రి కాడికి అంత జోరుగా ఎందుకు పోవాలి? ఆసుపత్రినే మన టేసనుకి రమ్మనాల. ఒక పెట్టె నిండా డాక్టర్లని, మందులని ఏసి ఈ పట్టాల మీదే తిప్పమనాల. అమ్మ పోయినప్పుడు మనకి అడగడం తెలీదు. ఇప్పుడు తెలుసు. ఊరొగ్గి జరగమంటే మాత్రం, నాను జరగను. మా ఆయన కాలు ఈ నేలలోనే ఉంది."

గంగునాయుడు కర్రతో అరుగు మీద ఒక్క పోటు పొడిచాడు. అంతే ఆయన మాట. పురుటి సంగతి చెప్పిన ఆడమనిషి, ఆసుపత్రి పెట్టె మాట గట్టిగా పట్టుకుంటామంటే నానూ వస్తానంది.

నేలను విడవకుండా అదరగొట్టే యంత్రాలు ప్రయోగశాలలో ఉన్నాయి. అవి ఇక హైమకు ఎవరూ ఇవ్వరు. ఏం చెయ్యాలా అని ఆమె తల పట్టుకుంటే, తప్పెటగుళ్ళ బృందం నడిపే సన్నిబాబు నవ్వాడు. గుండెకు తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో వాళ్ళు గెంతుతుంటే ఇళ్ళలో గిన్నెలు కదులుతాయి. హైమ గట్టు మీద అదురు కొలిచే చిన్న పరికరం పాతి, వాళ్ళను ఆడి చూపించమంది. దరువు మూడో కాలానికి చేరేసరికి ముల్లు రైలు వెళ్ళినప్పటికంటే తక్కువేమీ చూపించలేదు. ఆడవాళ్ళు రోకళ్ళు తెచ్చారు. రాయైన నేలకూ, ఇంకా మట్టిగా ఉన్న నేలకూ మధ్య గీత ఎక్కడుందో హైమ పరీక్షించి ముగ్గు పోసింది. ఆ ముగ్గు పొడవునా జనం నిలబడ్డారు. లైను పక్కనున్న నాలుగు ఊళ్ళు వంతులు వేసుకున్నాయి. ఒక వరస అలిసి తప్పుకుంటే ఇంకో వరస అడుగు తప్పకుండా అందుకునేది. దరువు రేయింబవళ్ళు ఆగలేదు. పసిపిల్లలు ఆ చప్పుడుకు అలవాటుపడి అందులోనే నిద్రపోయారు.

పాలబండి వచ్చే రోజు వచ్చింది. గేటు దగ్గర పట్టాలకు అటూ ఇటూ ఆడవాళ్ళు రోకళ్ళతో నిలుచున్నారు. ముందు ప్యాసింజరు వచ్చింది. వాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు, కిటికీల్లోని వాళ్ళకు చేతులూపారు. దాని వెనక పాలబండి వచ్చేసరికి మళ్ళీ పట్టాల మీదకు చేరారు. బండి ఆగింది. దాని వెంట వచ్చిన ఇంజినీరు దిగి, రైలును అడ్డుకోవడం నేరమని, పోలీసుల్ని పిలుస్తానని చెప్పాడు.

"రైలుని అడ్డలేదు బాబూ, ఇప్పుడే పంపించినాం, సూసినావు గదా," అంది పారమ్మ. "ఇది రైలు కాదు. ఇది మా నేలని తినే పురుగుకి పెట్టే సద్దికూడు. ఇది మాత్రం పోదు."

పోలీసులు వచ్చారు. హైమను ముందుగా జీపు ఎక్కమన్నారు, ఆమె ఎక్కింది. ఆమె వెనక పారమ్మ ఎక్కింది, ఆమె వెనక పురుటి సంగతి చెప్పిన ఆడమనిషి. జీపు నిండాక మిగిలినవాళ్ళు పోలీసుస్టేషనుకు నడుస్తామన్నారు, దారి పొడవునా రోకళ్ళతో నేలను పోట్లు పొడుచుకుంటూ నడిచారు కూడా. అంతమందిని పెట్టడానికి పోలీసుస్టేషనులో చోటు లేదు. పొద్దు వాలకముందే అందరినీ వదిలేశారు. పాలబండి మాత్రం వెనక్కి పోయింది, ఆ వారం, ఆ పై వారం, ఆ పైన కూడా. మేత అందక కట్టలో పగుళ్ళు పూడడం లేదని తేలి, యాజమాన్యం వేగం తగ్గించక తప్పలేదు. పాతకాలపు నడక కాదు గాని గాలిలా పోవడమూ కాదు, గుర్రబ్బండి జోరులో రైళ్ళు పోసాగాయి. కట్టకు రాతిగోడలూ, నీరు పోయే కాలువలూ కట్టడానికి కూలీలు దిగారు. నిదానమైన పని, ఏళ్ళు పడుతుంది.

వరిచేలు ఆ ఏడు పసుపుగా, పొట్టిగా నిలబడ్డాయి. ఎవరి ఇంట్లోనూ గాదె నిండలేదు. కొందరు హైమ ఎదురుపడితే ముఖం తిప్పుకునేవారు. ఆమె వాళ్ళ వంతు కూడా తానే గెంతేది. అరికాళ్ళు పగిలాయి. పారమ్మ ఆముదం రాస్తూ, చదువుకున్న కాళ్ళు ఇంత మెత్తగా ఉంటాయేటి అని ఎకసెక్కమాడేది. ఆసుపత్రిలో ఆ రోజు తరువాత ఆమె చెల్లెలితో నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు.

నీరెండ కాసే ఒక ఉదయం లోకనాథం వచ్చాడు. స్టేషనులో దిగి, ఎవరినీ వెంట తెచ్చుకోకుండా, చెప్పులు చేతపట్టుకుని గట్ల మీద నడిచి వచ్చాడు. హైమ ముగ్గు అవతలి మట్టిని గాజుపలక మీద పరీక్షిస్తోంది. ఆయన అడగకుండానే పక్కకు జరిగి సూక్ష్మదర్శిని చూపించింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు. పలక మీద ఏదీ కదలడం లేదు. పడమటి గట్టు పొడవునా పురుగు చచ్చింది. ముగ్గుకు ఇవతల, పారమ్మ నూతితో సహా, బండగా మారిన నేల మాత్రం బండగానే ఉంది. అది ఇక ఎప్పటికీ అలాగే ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

ఆయన మెల్లగా విషయానికొచ్చాడు. యాజమాన్యం కోపం చల్లారింది. హైమ తిరిగి రావచ్చు. ఈసారి పొలాల్లోకి పోకుండా కట్టలోనే ఆగే జాతిని తయారుచేయొచ్చు, ఎన్నేళ్ళు కావాలన్నా తీసుకోవచ్చు. సీసాలు పోయినా తయారుచేసిన బుర్ర పోలేదు కదా అన్నాడు.

"నువ్వు మళ్ళీ చెయ్యలేవని నేను నమ్మను హైమా."

"చెయ్యగలను సార్," అంది ఆమె. "చెయ్యను. ఎక్కడ ఆగుతుందో నాకు తెలియనిదాన్ని ఇంకొకళ్ళ నేలలో వదలను."

దూరంగా ప్యాసింజరు కూత వేసింది. పారమ్మ, మరికొందరు ఆడవాళ్ళు ఇస్త్రీచీరలు కట్టుకుని స్టేషనువైపు పోతున్నారు. ఆసుపత్రి పెట్టె సంగతి తేల్చుకోవడానికి పెద్దాఫీసుకు ప్రయాణం. ఇది వాళ్ళకు మూడోసారి, రెండుసార్లు గుమ్మంలోంచే పంపేశారు. గంగునాయుడు చంకకింద కర్రతో వాళ్ళకంటే ముందు నడుస్తున్నాడు. ఈసారి పంపేస్తే అక్కడే పొయ్యి పెట్టుకుంటామని బియ్యం మూట కూడా ఎత్తుకున్నారు.

"తూరుపు గట్టు ఇంకా ఉన్నాది," అని పారమ్మ వెనక్కి తిరిగి చెల్లెలికి కేకేసింది. "నా వంతు నువ్వే తొక్కాల."

హైమ గాజుపలక తుడిచి పెట్టెలో పెట్టింది. లోకనాథానికి నమస్కారం పెట్టి, కూర్చోమని గట్టు చూపించి, చెట్టుకు ఆనించిన రోకలి భుజాన వేసుకుంది. తూర్పు గట్టున దరువు సాగుతోంది. వరసలో ఖాళీగా ఉన్న చోటికి వెళ్ళి నిలబడి, పక్కామె అడుగు చూసుకుని, తానూ రోకలి ఎత్తింది.